బ్రూగెల్ ‘రైతుల పెళ్లి’: అపోహలు - వాస్తవాలు

కళాచరిత్ర క్లాసులో ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ ‘రైతుల పెళ్లి’ చూపించినప్పుడల్లా కొన్ని మాటలు వినిపిస్తూనే ఉంటాయి. 1567-68 ప్రాంతంలో చెక్కపలక మీద నూనెరంగులతో వేసిన బొమ్మ ఇది. ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది.

అపోహ: బ్రూగెల్ కూడా రైతే.
వాస్తవం: కాదు. 1551లో ఆంట్వెర్ప్ చిత్రకారుల సంఘంలో చేరాడు, ఇటలీ తిరిగొచ్చాడు, చివరికి బ్రస్సెల్స్‌లో స్థిరపడ్డాడు. రైతు బట్టలు వేసుకుని పెళ్లిళ్లకు వెళ్లేవాడన్న కథను ఆయన పోయిన 35 ఏళ్లకు, 1604లో, చిత్రకారుల జీవితకథలు రాసిన కారెల్ వాన్ మాందర్ రాశాడు.

అపోహ: వెనక పసుపుపచ్చగా ఉన్నది మట్టిగోడ.
వాస్తవం: దగ్గరగా చూడండి, గడ్డిపోచలు కనిపిస్తాయి. కోసి, ఎత్తుగా పేర్చిన పంట అది. పెళ్లి భోజనం జరుగుతున్నది కొట్టంలో. గడ్డి లాగే పళ్ల కర్రకు రెండు పనలు తగిలించారు. పెళ్లికూతురి వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టి, కాగితపు కిరీటం వేలాడదీశారు. ఆ ఏడు పంట చేతికొచ్చిందన్న ధీమా ఈ బొమ్మంతా ఉంది.

అపోహ: తాగి తందనాలాడే పల్లెజనాన్ని వెక్కిరించాడు.
వాస్తవం: తిండిపోతుతనం మీద హెచ్చరికగా చూసే పండితులూ ఉన్నారు. నేను మాత్రం ఒప్పుకోను. ఇక్కడ ఒక్కరూ తూలడం లేదు. ముందు కనబడేది పనే. తలుపు ఊడదీసి, దాని మీద గిన్నెలు పెట్టి ఇద్దరు మోస్తున్నారు. ఒకతని టోపీలో చెంచా దోపి ఉంది. బల్ల చివర కూర్చున్నతను ఆ గిన్నెలు అందుకుని పంక్తిలోకి పంపుతున్నాడు. ఎడమ మూల ఇంకొకతను వంగి కూజాలు నింపుతున్నాడు. తన తలకంటే పెద్ద టోపీ పెట్టుకున్న పిల్ల, నేల మీద కూర్చుని వేళ్లు నాకుతోంది. వెక్కిరించాలనుకున్నవాడు ఇంత ఓపిగ్గా చూస్తాడా?

అపోహ: పెళ్లికొడుకు ఫలానా అతనే.
వాస్తవం: ఇప్పటికీ తేలలేదు. వడ్డించేవాళ్లలో ఒకడని కొందరంటారు.

నన్నడిగితే పెళ్లికొడుకు కోసం వెతకడం ఆపి, నిలబడ్డ సన్నాయి తిత్తి (బ్యాగ్‌పైప్) వాయించేవాళ్లలో గడ్డం మాసినతన్ని చూడమంటాను. తిత్తి చంకలోనే ఉంది, చూపు మాత్రం వస్తున్న గిన్నెల మీద ఉంది.