ఎల్క్ అంటే మాగ్నమే కొనాలా? మొదటి రైఫిల్ గురించి అపోహలు, వాస్తవాలు

ఆగస్టు మొదలైతే నా ఫోనుకి విశ్రాంతి ఉండదు. కొలరాడోలో అక్టోబరులో ఎల్క్ (జింక జాతిలో పెద్ద జంతువు) వేట సీజన్‌కి ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే అనుమతి) చేతికొచ్చాక, ఇక రైఫిల్ కొనాలన్న సంగతి మనవాళ్లకి అప్పుడు గుర్తొస్తుంది. ఎవరు చేసినా మొదటి ప్రశ్న ఒకటే. "అన్నా, ఎల్క్ కదా, .300 మాగ్నమ్ లేకపోతే పడదంట కదా?"

మాగ్నమ్ అంటే మామూలుకన్నా ఎక్కువ మందుగుండు కూరిన, బలమైన తూటా. .300, .308, .30-06 లాంటివన్నీ తూటాల పేర్లే, వాటిని కాల్చే రైఫిళ్లనీ ఆ పేర్లతోనే పిలుస్తాం. పదకొండేళ్లుగా తుపాకుల షాపులో వెనక బల్ల దగ్గర రైఫిళ్లకి స్కోపులు (గురి చూసే దుర్భిణులు) బిగిస్తున్నాను. శని, ఆదివారాలు రేంజిలో కొత్తవాళ్లకి నేర్పిస్తున్నాను. ఈ ఒక్క మాట నమ్మి జనం పోగొట్టుకున్నంత డబ్బు, పాడుచేసుకున్నంత వేట ఇంక దేనివల్లా నేను చూడలేదు. అందుకే దీని గురించి వివరంగా రాస్తాను, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: ఎల్క్ పెద్ద జంతువు, దానికి మాగ్నమే కావాలి

పెద్దదే, కాదనను. బాగా ఎదిగిన మగ ఎల్క్ మూడు వందల కిలోలు దాటుతుంది. మొదటిసారి దగ్గర్నుంచి చూసినవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. కానీ దాన్ని పడగొట్టేది తుపాకీ పేరు కాదు, గుండెలోంచో ఊపిరితిత్తుల్లోంచో దూసుకుపోయే బుల్లెట్. జంతువు పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనకే, ఛాతీ కింది అంచు నుంచి మూడో వంతు ఎత్తులో గురిపెట్టాలి. అక్కడ తగిలితే .308తో కొట్టినా ఎక్కువ దూరం పోదు. పొట్టలో తగిలితే .300 మాగ్నమ్‌తో కొట్టినా కొండ దాటి వెళ్లిపోతుంది. ఎక్కడో చీకట్లో, గంటల తరబడి బాధపడి చస్తుంది.

కొలరాడో నిబంధన చూడండి. ఎల్క్‌కి కనీసం 6 మిల్లీమీటర్ల కాలిబర్ (బుల్లెట్ వెడల్పు), 85 గ్రెయిన్ల బరువుకు తగ్గని విచ్చుకునే బుల్లెట్, వంద గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. .308లో మామూలు 165 గ్రెయిన్ల బుల్లెట్‌కి వంద గజాల దగ్గర ఉండే శక్తి దానికి రెండింతల పైనే. 6.5 క్రీడ్‌మూర్‌ది కూడా ఇంచుమించు రెండింతలు. .30-06 వచ్చింది 1906లో, .270 వచ్చింది 1925లో. 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్ మాగ్నమ్ 1962లో, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 1963లో వచ్చాయి. ఆ మధ్య కాలమంతా ఈ కొండల్లో కుటుంబాలు చలికాలం తిన్న ఎల్క్ మాంసం థర్టీ-ఆట్-సిక్స్ (.30-06), దాని తోటి తుపాకులు తెచ్చిపెట్టిందే. స్వీడన్, నార్వేల్లో ఎల్క్ కంటే పెద్దదైన మూస్‌ని వందేళ్ల పైబడి 6.5x55తో వేటాడుతున్నారు. దాని తన్ను (కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) కొత్తవాళ్లు కూడా ఓర్చుకోగలిగినంతే.

అసలు సమస్య ఆ తన్నులోనే ఉంది. ఎనిమిది పౌండ్ల .308 రైఫిల్ భుజాన్ని సుమారు 17 ఫుట్-పౌండ్ల శక్తితో తంతుంది. అదే బరువున్న .300 మాగ్నమ్ పాతిక దాటించి తంతుంది. కాగితం మీద చిన్న తేడాలా ఉంటుంది గానీ భుజానికి చాలా తేడా. తక్కువ ధర రైఫిళ్లు తేలిగ్గా ఉంటాయి కాబట్టి ఇంకా గట్టిగా తంతాయి. మూడో రౌండు (తూటా) కాల్చేసరికే ఒళ్లు ముందే భయపడటం నేర్చుకుంటుంది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కకముందే కళ్లు మూసుకుపోతాయి, భుజం ముందుకు నెడుతుంది. దీన్నే ఫ్లించ్ అంటాం. ఇందులో పిరికితనం ఏమీ లేదు, ఆరడుగుల మనిషికైనా వస్తుంది. వచ్చిందన్న సంగతి మాత్రం ఆ మనిషికి తెలియదు. శబ్దం, కుదుపు దాన్ని కప్పేస్తాయి.

అందుకని నేను ఒక పని చేస్తాను. వాళ్లు చూడకుండా మ్యాగజైన్‌లో నిజమైన రౌండ్ల మధ్య రెండు డమ్మీలు కలిపి ఇస్తాను. డమ్మీ దగ్గర ట్రిగ్గర్ 'టిక్' మంటుంది, తుపాకీ పేలదు. అయినా గొట్టం కొన జానెడు కిందకి పడుతుంది. ఆ క్షణంలో వాళ్ల ముఖం చూస్తే జాలేస్తుంది. పన్నెండు వందల డాలర్లు పెట్టి, నాలుగు నెలలు కలలు కని, తప్పు స్కోపుదో బుల్లెట్లదో అనుకుంటూ వచ్చిన మనిషి అతను.

ఈ బాధ నాకూ తెలుసు. నా మొదటి రైఫిల్ .300 విన్‌మాగ్. కౌంటర్ దగ్గరున్న ఒకాయన "ఎల్క్‌కి ఇంతకన్నా తక్కువది అమ్మను" అంటే నమ్మాను. రేంజిలో రెండో రౌండుకే స్కోపు అంచు కనుబొమకి కొట్టుకుని నెత్తురు కారింది. ఇరవై రౌండ్ల పెట్టెలో ఏడు కాల్చి మూసేశాను. తగినంత ప్రాక్టీసయింది అని నాకు నేను చెప్పుకున్నాను. అక్టోబరులో కొలరాడోలోని మీకర్ ఊరి పైన కొండల్లో ఒక ఆడ ఎల్క్ నూట ఎనభై గజాల దూరంలో, పక్కకి తిరిగి, తాపీగా మేస్తూ నిలబడింది. అంతకన్నా మంచి అవకాశం ఎవరికీ రాదు. ట్రిగ్గర్ నొక్కే ముందే నా కళ్లు మూసుకుపోయాయి. బుల్లెట్ వెనగ్గా, పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా నెత్తుటి జాడ వెతికాను. మర్నాడు మధ్యాహ్నందాకా మంచులో వెతికాను. దొరకలేదు. ఆ సీజన్ అయిపోగానే ఆ రైఫిల్ అమ్మేసి, సెకండ్ హ్యాండ్‌లో ఒక .308 కొన్నాను. ఇప్పటికీ నా చేతిలో ఉండేది అదే.

కాబట్టి మొదటి రైఫిల్‌గా .308, 7mm-08, 6.5 క్రీడ్‌మూర్, .270 వీటిలో ఏదైనా పర్వాలేదు. తన్ను ఓర్చుకోగలిగితే .30-06 కూడా. జింకకీ ఎల్క్‌కీ ఒకటే రైఫిల్ సరిపోతుంది, రెండు కొనక్కర్లేదు. చిన్న భుజాలవాళ్లకి 7mm-08 నాకు అన్నిటికన్నా ఇష్టం. .243 జింకకి బాగుంటుంది. ఎల్క్‌కి చట్టం ఒప్పుకుంటుంది గానీ, కొత్తవాళ్ల చేతిలో పొరపాటుకి చోటు చాలా తక్కువ, నేను వద్దంటాను. తన్ను తగ్గించడానికి గొట్టం కొసకి మజిల్ బ్రేక్ పెట్టుకోమని కొందరు చెబుతారు. తగ్గిస్తుంది నిజమే, కానీ ఆ శబ్దం మీ చెవులకీ పక్కనున్నవాళ్ల చెవులకీ హాని చేస్తుంది.

ఇక డబ్బు లెక్క. శావేజ్ ఆక్సిస్, రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియట్ లాంటివి సుమారు నాలుగు నుంచి ఆరు వందల డాలర్లకు దొరుకుతాయి. వీటిలో ఏది తీసుకున్నా వంద గజాల దగ్గర మూడు రౌండ్లు ఒకటిన్నర అంగుళాల్లో పడతాయి. ఎల్క్ ఛాతీలో మనకి కావలసిన చోటు అడుగు వెడల్పు ఉంటుంది. రెండు వేల డాలర్ల రైఫిల్ ఆ ఒకటిన్నరని ఒకటి చేయొచ్చు, అంతే. వణికే చేతిని అది ఆపలేదు. మిగిలిన డబ్బు రౌండ్ల మీద పెట్టండి. .308 ఇరవై రౌండ్ల పెట్టె ముప్పై డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. మాగ్నమ్ పెట్టె అంతకన్నా బాగా ఎక్కువ, కాబట్టి కొన్నవాళ్లు ప్రాక్టీసు కూడా తక్కువే చేస్తారు. సీజన్‌కి ముందు కనీసం వంద రౌండ్లు కాల్చాలి, ఒక్కరోజులో కాదు, వారానికి పదిహేనో ఇరవయ్యో. మిగతా రోజుల్లో ఇంట్లో తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, రౌండ్లు వేరే గదిలో పెట్టి, గోడ మీద చుక్క పెట్టుకుని డ్రై ఫైర్ చేయండి, అంటే ఖాళీ తుపాకీతో గురిచూసి ట్రిగ్గర్ నొక్కండి. దీనికి పైసా ఖర్చు లేదు.

అపోహ: హెచ్-1బి వాళ్లు తుపాకీ ముట్టుకోకూడదు / హెచ్-1బి అయినా ఏం కాదు

రెండూ వింటుంటాను, రెండూ ప్రమాదమే. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీదున్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ రౌండ్లు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. ఫ్రెండ్ తుపాకీ తీసుకుని రేంజిలో ఒక్క రౌండ్ కాల్చినా దగ్గర ఉంచుకున్నట్టే. అయితే అదే చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం అందులో ఒకటి. లైసెన్సు గడువు తీరిన రోజు ఆ మినహాయింపు కూడా పోతుంది, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. చాలామంది దొరికిపోయేది ఇక్కడే. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగానే అడుగుతారు. అబద్ధం రాస్తే అది వేరే నేరం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు.

ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది. పదేళ్లు కష్టపడి కట్టుకున్న జీవితం ఒక్క పొరపాటుతో పోతుందేమోనన్న భయం అది. వాట్సాప్‌లో వచ్చింది నమ్మకండి. నా మాట కూడా చివరి మాట కాదు. కొనే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి మీ వీసా కాగితాలు చూపించి, ఒక గంట ఫీజు కట్టి అడగండి. హంటింగ్ లైసెన్సుకి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఎలాగూ చేయాలి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ అది తప్పనిసరి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట ఆగిపోయింది, మనలో తుపాకీ పట్టి పెరిగినవాళ్లు చాలా తక్కువ. కాబట్టి ఆ కోర్సుని కాగితం కోసం కాకుండా నేర్చుకోవడానికి వెళ్లండి.

మిగతావి, త్వరగా

షాపులో బోర్ సైట్ చేసి ఇచ్చారు కాబట్టి రైఫిల్ రెడీ అనుకుంటారు. కాదు. బోర్ సైట్ అంటే మొదటి బుల్లెట్ కాగితం మీద ఎక్కడో ఒకచోట పడుతుందని మాత్రమే. వేటకి తీసుకెళ్లే రౌండ్లతోనే, మీ భుజం మీద పెట్టుకునే జీరో చేయాలి, అంటే గురిపెట్టిన చోటే బుల్లెట్ పడేలా స్కోపు సర్దుకోవాలి. బ్రాండ్ మారినా, బుల్లెట్ బరువు మారినా మళ్లీ చేయాలి.

రైఫిల్‌తో పాటు ప్యాకేజీగా వచ్చే స్కోపు పనికిరాదని కొట్టిపారేయక్కర్లేదు. చాలాసార్లు తప్పు స్కోపుది కాదు, వదులుగా ఉన్న స్క్రూలది. నా బల్ల మీదకి "గురి కుదరట్లేదు" అని వచ్చేవాటిలో ఎక్కువ ఇవే. మామూలు 3-9x40 (3 నుంచి 9 రెట్లు దగ్గరగా చూపేది) చాలు. అడవిలో నడిచేటప్పుడు దాన్ని 3 మీదే ఉంచండి. చెట్ల మధ్య ఎల్క్ ముప్పై గజాల్లో లేచినప్పుడు 9 మీదుంటే గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించవు.

బరువైన బుల్లెట్ పొదల్ని చీల్చుకుని నేరుగా పోతుందంటారు. ఏ బుల్లెట్టూ పోదు. కొమ్మ తగిలితే దారి మారుతుంది. కొమ్మ అడ్డముంటే కాల్చకండి.

.308, .30-06 రెండింటి బుల్లెట్ వెడల్పూ ఒకటే కాబట్టి రౌండ్లు ఇటూ అటూ వాడొచ్చని ఒకబ్బాయి వాదించాడు. అలా ఎప్పుడూ చేయకండి. గొట్టం మీద చెక్కిన పేరు, రౌండు అడుగున ముద్రించిన పేరు అక్షరం అక్షరం కలవాలి.

ఇంట్లో ఆడవాళ్లు భయపడుతున్నారని విసుక్కునేవాళ్లున్నారు. ఆ భయం న్యాయమైనదే. కొలరాడోలో పిల్లలకి అందే అవకాశం ఉన్న ఇంట్లో తుపాకీకి తాళం వేసి ఉంచడం 2021 నుంచి చట్టం కూడా. రైఫిల్ బడ్జెట్‌లోనే లాక్ పెట్టె ఖర్చు కలుపుకోండి, తాళం ఎక్కడుంటుందో ఇంట్లో పెద్దవాళ్లు కలిసి తేల్చుకోండి.

రేంజిలో బల్ల మీద ఇసుక సంచులు పెట్టుకుని మూడు వందల గజాలు కొడుతున్నాను, అడవిలోనూ కొడతానని చెప్పేవాళ్లకి నేనొక పేపర్ ప్లేటు ఇస్తాను. కింద కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, ఐదుకి ఐదు ప్లేటులో పడే దూరం ఎంతో చూసుకోమంటాను. చాలామందికి అది నూట ఇరవై, నూట యాభై గజాలు. అక్టోబరులో, తొమ్మిది వేల అడుగుల ఎత్తులో, కొండెక్కిన ఆయాసంతో ఉన్నప్పుడు అది ఇంకా తగ్గుతుంది. ఆ దూరం దాటిన ఎల్క్‌ని చూసి ఆనందించి వదిలేయాలి, లేదా నడిచి దగ్గరికి వెళ్లాలి.

కొలరాడోలో 2023 అక్టోబరు నుంచి తుపాకీ కొన్నాక చేతికి రావడానికి కనీసం మూడు రోజులు ఆగాలి, కాబట్టి సీజన్ ముందురోజు షాపుకి పరుగెత్తినా లాభం లేదు. మొదటి రైఫిల్ సీజన్ అక్టోబరు మధ్యలో, అది ఎల్క్‌కి మాత్రమే. జింక ట్యాగ్ కూడా ఉన్నవాళ్లు రెండో సీజన్ దాకా ఆగాలి. ఏ సీజన్ అయినా ఆగస్టులోనే కొనేయండి, సెప్టెంబరు నెలంతా కాల్చడానికి ఉంటుంది. శనివారం పొద్దున ఎనిమిదింటికి రేంజిలో ఉంటాను. చెవులకి మఫ్‌లు, పేపర్ ప్లేట్లు తెచ్చుకోండి, డమ్మీ రౌండ్లు నా దగ్గరున్నాయి.