ఎగిరిపోని పిట్ట: పెరటి ఫోటోల అపోహలు, వాస్తవాలు

"సార్, మూడడుగుల దూరంలో నిలబడ్డా ఎగిరిపోలేదు. నన్ను బాగా నమ్మేసింది." పెరటి పక్షుల ఫోటోగ్రఫీ నేర్పే నాకు ఇలాంటి మెసేజ్ రాని నెల ఉండదు. ఫోటో తెరిస్తే ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని, బంతిలా కూర్చున్న పిట్ట.

అపోహ: దగ్గరికి రానిచ్చిందంటే నమ్మినట్టే.

చాలాసార్లు అది నమ్మకం కాదండీ, జబ్బు. రోజూ చూసి అలవాటు పడే పిట్టలు ఉంటాయి, కాదనను. కానీ వాటి చూపు నాలుగు వైపులా తిరుగుతూనే ఉంటుంది, చిన్న చప్పుడైనా తుర్రుమంటాయి. ఎండలో కూడా ఉబ్బి కూర్చుని, గింజను నోట్లో తిప్పి తిప్పి మింగలేక జారవిడిచే పిట్ట సంగతి వేరు.

నేను మొదట్లో మురిసిపోయిన ఫోటో అలాంటిదే. 'మధ్యాహ్నం కునుకు' అని పేరు కూడా పెట్టాను. తెలిసిన పశువైద్యురాలు ఒకావిడ జూమ్ చేసి, "ముక్కు చుట్టూ తడి చూశారా? రెప్ప అంటుకుపోయింది" అన్నారు. ఆ పిట్ట మళ్ళీ కనపడలేదు. ఫ్రేము నిండుగా రావాలని గింజలన్నీ ఒకే పళ్ళెంలో పోసేవాణ్ణి. కడగకుండా పైన పోస్తూనే ఉన్నాను. అడుగున చూస్తే తడిసి నల్లబడిన పొట్టు, దాని మీద రెట్టలు.

ట్రైకోమొనోసిస్ అనే గొంతు జబ్బు ఎంగిలి పడిన గింజల ద్వారా, నీళ్ళ ద్వారా పాకుతుంది. 2005లో బ్రిటన్‌లోని ఫించ్ పక్షుల్లో, అంటే గింజలు తినే చిన్న పిట్టల్లో, బయటపడింది. తర్వాతి ఏళ్ళలో వాటిలో ఒక రకమైన గ్రీన్‌ఫించ్‌ల సంఖ్య అక్కడ సగానికి పైగా పడిపోయింది. 1994లో అమెరికా తూర్పు ప్రాంతంలో హౌస్ ఫించ్‌లకు కళ్ళవాపు జబ్బు మొదలైంది. అదీ ఫీడర్ల దగ్గర, అంటే పిట్టలకు గింజలు పెట్టే పాత్రల దగ్గర, అంటుకునేదే. పది పిట్టలు ఒకే పళ్ళెంలో మూతి పెట్టే ఫోటో మనకు ముచ్చటే కానీ, జబ్బుకు కావలసిందీ అదే.

అందుకని నీళ్ళు రోజూ మార్చండి. గింజలు ఒక్కపూటకు సరిపడా, రెండు మూడు చోట్ల పెట్టండి. పళ్ళేలను కనీసం రెండు వారాలకోసారి తొమ్మిది వంతుల నీళ్ళలో ఒక వంతు బ్లీచ్ కలిపి కడిగి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో జాడించి, పూర్తిగా ఆరాకే మళ్ళీ పెట్టండి. ఆరబెట్టడం మాత్రం మానకండి, ఆ గొంతు జబ్బు క్రిమికి తడే ప్రాణం. జబ్బు పిట్ట కనపడితే రెండు వారాలు గింజలూ నీళ్ళూ రెండూ ఆపేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, పక్షుల నుంచి సాల్మొనెల్లా అనే విరేచనాల బ్యాక్టీరియా మనకూ రావచ్చు.

"ఆపేస్తే ఆకలితో చచ్చిపోతాయేమో?"

ఈ టెన్షన్‌తో ప్రయాణాలు మానుకున్నవాళ్ళు నాకు తెలుసు. అంత దిగులు వద్దు. మన పళ్ళెం వాటికి తిండి దొరికే చోట్లలో ఒకటి, అంతే. విత్తనాలు, పురుగులు వెతుక్కోవడం అవి మరిచిపోవు.

మిగతావి గబగబా. కూత రికార్డింగ్ వినిపిస్తే వచ్చేది పాట నచ్చి కాదు, తన హద్దులోకి ఎవడో చొరబడ్డాడని పోట్లాటకు. గూడు కట్టే రోజుల్లో అసలు వద్దు. కిటికీ అద్దం దగ్గర ఫీడర్ పెడితే మీటరు లోపల పెట్టండి, లేదా పది మీటర్ల అవతల. ఆ మధ్య దూరంలోనే వేగం అందుకుని అద్దానికి కొట్టుకుంటాయి. గుడ్లగూబ కోసం బతికున్న ఎలుకను కట్టేసే 'చిట్కా' వీడియోలు చూసి నన్ను అడగకండి. 'వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్' పోటీలో బతికున్న ఎర వాడటం నిషిద్ధం.

గూడు సరిగ్గా కనపడట్లేదని అడ్డమొచ్చిన రెమ్మ విరవడం ఇంకొకటి. పిల్లలకు ఎండ తగలకుండా ఆపుతున్నదీ, కాకి కంటపడకుండా దాస్తున్నదీ ఆ రెమ్మే. అలా తీసిన ఫోటోలు పంపకండి, నేను చూడను.