శివారు తూము దేశాలు

అల్లవరం

చిరంజీవులకు ఆశీస్సులు.

పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం తువాలులో జనం పదకొండు వేలకు అటూ ఇటూ అయితే, ఐక్యరాజ్యసమితిలో దానికి మనతో సమానంగా ఓటేమిటని బుజ్జి అడిగింది. అడగాల్సిన మాటే.

ముందు మన కాలవ సంగతి చూడండి. నీళ్లు తక్కువైన ఏడు వంతులు పెడతారు. కాగితం మీద కాలవ చివరనున్న శివారు మడికీ వంతుంటుంది. రాత్రికి రాత్రి ఎగువవాడు బోదెకు, అంటే పొలానికి నీళ్లొచ్చే పిల్లకాలవకు, అడ్డంగా అరటి బొందెలు పడేసి, సందుల్లో గడ్డి కుక్కి, ఇంజను పెట్టి తోడేసుకుంటే నాలుగు రోజుల్లో శివారు మడి నెర్రెలిస్తుంది. ఎగువవాడికి వంతు లేకపోయినా గడుస్తుంది, శివారు రైతుకు వంతే దిక్కు. చిన్న దేశాలు అంతర్జాతీయ చట్టం అని అస్తమానం అనడం అందుకే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేన కువైట్‌లో దిగింది. ఆ రోజే భద్రతామండలి వెనక్కి పొమ్మంది. పోలేదు. చాలా దేశాల సైన్యాలు కలిసి 1991 ఫిబ్రవరిలో విడిపించాయి. కువైట్‌లో చమురుండటం కలిసొచ్చింది, అదీ మరవకండి. కాలవ వంతులు కాపలా కాసే లస్కరు ప్రతిసారీ రాడు. మండలిలో 15 దేశాలుంటే అయిదింటికి వీటో ఉంది. బొందెలు వేసినవాడు ఆ అయిదుగురిలో ఒకడైతే తీర్మానం అక్కడే పడిపోతుంది.

అన్ని దేశాలూ కూర్చునే సర్వసభలో వీటో లేదు. 193 దేశాలకూ తలా ఒక ఓటు. వాతావరణ మార్పుపై దేశాల బాధ్యతేమిటో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పాలని పసిఫిక్ దీవుల దేశం వనువాటు పట్టుబట్టి, 2023 మార్చిలో సర్వసభ చేత అడిగించింది. దీన్ని మొదలుపెట్టింది పసిఫిక్ దీవుల లా విద్యార్థులు. 2025 జూలైలో కోర్టు బాధ్యత ఉందనే చెప్పింది. బుజ్జీ, ఆ ఓటు పనికొచ్చేది ఇలాంటిచోట.

ఇక ట్యూనా చేపల బేరం. పసిఫిక్ దీవులు విడివిడిగా బేరమాడినన్నాళ్లూ, నువ్వు తగ్గకపోతే పక్క దీవికి పోతామని విదేశీ ఓడలవాళ్లు ధర దించేవారు. నౌరు ఒప్పందం కింద ఎనిమిది దేశాలు ఒక్కమాట మీదికొచ్చాయి. వలవేసే ఓడలు ఏడాదిలో మొత్తం ఎన్ని రోజులు వేటాడొచ్చో ముందే లెక్కకట్టి, ఆ రోజుల్ని పంచుకుని అమ్ముతాయి. ఓడకు రోజుకు కనీసం 8,000 డాలర్లు, చేప పడ్డా పడకపోయినా. కలిసి నిలబడితేనే బలం. 2011లో మన కోనసీమ రైతులు కలిసి పంట విరామం, అంటే సాగు మానేస్తాం, అన్నాకే కదా ప్రభుత్వం కమిటీ వేసింది!

తువాలు దగ్గర మాత్రం నా కాలవ పోలిక తెగిపోతుంది. అక్కడ బాధ నీళ్లు రాకపోవడం కాదు, సముద్రం పైకి రావడం. నేల సగటున రెండు మీటర్ల ఎత్తే.

ఆదివారం అట్లాసులో పసిఫిక్‌లోని మరో దీవుల దేశం కిరిబాటి వెతకండి. స్కేలు చూసుకుని కంపాసు 370 కిలోమీటర్లకు, అంటే 200 నాటికల్ మైళ్లకు, తెరవండి. ఒక దీవి చుట్టూ గీసిన వృత్తమే సుమారు 4 లక్షల 30 వేల చదరపు కిలోమీటర్లు, మన రాష్ట్రం 1 లక్షా 63 వేలు. ఆ నీళ్లలో చేప మీద హక్కు ఆ దేశానిదే. మనిషి బతకలేని ఉత్త బండకైతే ఈ హక్కు రాదు. అన్ని దీవులకూ గీశాక, అదే స్కేల్లో భారతదేశం బొమ్మ కత్తిరించి పక్కన పెట్టి చూడండి. కిరిబాటి నేల 811 చదరపు కిలోమీటర్లే సుమా.

పొరుగు దేశం వృత్తం మీదికి వచ్చినచోట గట్టు ఎక్కడ వేయాలంటారో జవాబులో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య