ఎల్లుండే సైన్స్ ఫెయిర్: ఇంజనీరింగ్ ప్రాజెక్టుల మీద అపోహలు - వాస్తవాలు

బడిలో సైన్స్ ఫెయిర్ సంగతి పదిహేను రోజుల ముందే చెబుతారు. ఇంట్లో తెలిసేది మాత్రం చాలాసార్లు రెండు రోజుల ముందు. అప్పుడు థర్మోకోల్, రంగు చార్టులు కొనుక్కొచ్చి, ఇంటర్నెట్‌లో కనిపించిన అగ్నిపర్వతాన్ని దించేస్తారు. నిజానికి రెండు రోజులు తక్కువేం కాదు, దేని మీద ఖర్చుపెడతామన్నదే లెక్క.

అపోహ: రెండు రోజుల్లో మోడల్ అయితే చేయొచ్చు గానీ, ఇంజనీరింగ్ ప్రాజెక్టు కుదరదు.

వాస్తవం: థర్మోకోల్‌తో చేసిన వంతెన ఎంత అందంగా ఉన్నా బొమ్మే. "ఒక్క ఏ4 కాగితం, రెండు చిన్న పట్టీలతో 20 సెంటీమీటర్ల ఎడం దాటాలి, మధ్యలో కనీసం 200 గ్రాములు మోయాలి" అని షరతు పెట్టుకుని, నాలుగు రకాలుగా కట్టి, కూలేదాకా బరువు వేసి, ఏది ఎందుకు నెగ్గిందో చెప్పగలిగితే అది ఇంజనీరింగ్. దీనికి కావాల్సింది కాగితాలు, జిగురు, 10 మి.లీ. సిరంజి, ఒక ప్లాస్టిక్ గ్లాసు.

కాగితాన్ని పొడవు అంచుకు సమాంతరంగా, చీర కుచ్చిళ్లలా ముందుకొకటి వెనక్కొకటిగా మడవండి. 21 సెం.మీ. వెడల్పులో 1 సెం.మీ. మడతలైతే 21 గోడలు వస్తాయి. 1.5 సెం.మీ. అయితే 14, 3 సెం.మీ. అయితే 7. 2 సెం.మీ. మడతలైతే 10 గోడలు పోను 1 సెం.మీ. మిగులుతుంది. దాన్ని కత్తిరించొద్దు, కత్తిరిస్తే ఆ వంతెన ఒక్కటే తేలికైపోతుంది. మడతలు విచ్చుకోకుండా రెండు కొసల అడుగునా 10 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు ఉన్న కాగితం పట్టీ అంటించండి. అన్ని వంతెనలకీ అదే కొలత. ఒక్కో రకానికి మూడు చొప్పున పన్నెండు కావాలి. సాయంత్రం మడిచి అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున పరీక్షిస్తే సరిపోతుంది. ఫెవికాల్ తడి ఆరకముందే బరువు పెడితే కాగితం మెత్తబడి అంటించిన చోటే చిరుగుతుంది. అప్పుడు మీరు కొలిచేది మడత బలాన్ని కాదు, జిగురు తడిని.

వంతెనను సమాన ఎత్తున్న రెండు పుస్తకాల దొంతరల మీద పెట్టండి. మధ్యలో 4 సెం.మీ. వెడల్పు అట్టముక్క, దాని మీద గ్లాసు, కింద పళ్లెం. సిరంజితో 10 మి.లీ. చొప్పున నీళ్లు పోస్తూ పోండి. 10 మి.లీ. అంటే 10 గ్రాములు, తూకం అక్కర్లేదు. గ్లాసు, అట్ట బరువు మాత్రం మొదటే కిరాణా కొట్టులో తూయించి కలుపుకోండి. చాలామంది నాణేలు పేరుస్తారు, అది వద్దు. పాత రూపాయికీ కొత్త రూపాయికీ బరువులో తేడా ఉంది. పైగా నాణెం పడ్డప్పుడల్లా కుదుపు వస్తుంది.

వంతెన బరువు లెక్క కట్టుకోవచ్చు. ప్యాకెట్ మీద 75 జీఎస్‌ఎం అని ఉంటే చదరపు మీటరుకు 75 గ్రాములు, అంటే ఒక ఏ4 కాగితం సుమారు 4.7 గ్రాములు. పట్టీలతో కలిపి 5 అనుకోండి. మోసిన బరువును 5తో భాగిస్తే వంతెన తన బరువుకు ఎన్ని రెట్లు మోసిందో తెలుస్తుంది, ఆ అంకె చార్టు మీద అన్నిటికన్నా పెద్దగా ఉండాలి.

అసలు సంగతి ఇక్కడుంది. కాగితం అంతే, బరువూ అంతే. మడత ఎత్తు రెట్టింపైతే వంగకుండా నిలిచే గుణం సిద్ధాంతం ప్రకారం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అలాగని 3 సెం.మీ. మడతే గెలుస్తుందనుకోకండి. గోడ ఎత్తయ్యేకొద్దీ పలచని కాగితం పక్కకు వాలి నలిగిపోతుంది, లెక్కలో ఉన్న బలం చేతికి రాదు. ఎక్కడ పెరుగుదల ఆగి తరుగుదల మొదలైందో చూపే గ్రాఫే మీ ప్రాజెక్టు. వానాకాలమైతే అన్ని వంతెనలనూ ఒకే పూట పరీక్షించండి, చెమ్మ పట్టిన కాగితం బలం తగ్గుతుంది.

అపోహ: ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), సెన్సర్లు ఉంటేనే న్యాయనిర్ణేతలు ఆగి చూస్తారు.

వాస్తవం: ఆగి చూస్తారు, నిజమే. చూసి "ఈ తీగ దేనికి?" అని అడుగుతారు. కిట్ కొని ప్రోగ్రామ్ కాపీ చేసిన పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఎలక్ట్రానిక్స్ మీద మనసుంటే ఒక్క ట్రాన్సిస్టర్‌తో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే మూడు కాళ్ల భాగం) చీకటి పడగానే వెలిగే దీపం చేయండి. బీసీ547 ట్రాన్సిస్టర్, ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే భాగం), ఎల్‌ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 9 వోల్ట్‌ల బ్యాటరీ చాలు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి.

ట్రాన్సిస్టర్ చదునైన వైపు మీకేసి, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. బ్యాటరీ ప్లస్ నుంచి 470 ఓమ్‌లు, ఎల్‌ఈడీ పొడవు కాలు, పొట్టి కాలు నుంచి కలెక్టర్. ఎమిటర్ మైనస్‌కు. ప్లస్ నుంచి బేస్‌కు 100 కిలో ఓమ్‌లు, బేస్ నుంచి మైనస్‌కు ఎల్‌డీఆర్. వెలుతురులో ఎల్‌డీఆర్ నిరోధం తక్కువ కాబట్టి ట్రాన్సిస్టర్ పనిచేయడానికి బేస్ దగ్గర కావాల్సిన 0.6 వోల్ట్‌లు కూడా నిలవవు. చీకట్లో దాని నిరోధం సుమారు 7 కిలో ఓమ్‌లు దాటగానే ఎల్‌ఈడీ వెలగడం మొదలవుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాటు: ఎల్‌ఈడీని ఎల్‌డీఆర్ పక్కనే పెట్టడం. తన వెలుగు తన మీదే పడి దీపం సగం వెలుగు దగ్గరే ఆగిపోతుంది. ఎల్‌డీఆర్‌కు నల్ల టేపు గొట్టంలా చుట్టి ఎల్‌ఈడీకి అవతలి వైపు తిప్పండి. కలెక్టర్, ఎమిటర్ తారుమారైతే దీపం పూర్తిగా ఆరిపోదు, మసకగా వెలుగుతుంది. అందుకే ఆ తప్పు ఓ పట్టాన దొరకదు.

ఇదైనా కొలత లేకపోతే బొమ్మే. మసక గదిలో టార్చిని స్కేలు వెంట దూరం జరుపుతూ, ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఎల్‌ఈడీ వెలిగిందో రాయండి. 100కి బదులు 47, 220 కిలో ఓమ్‌లు పెట్టి మళ్లీ చూడండి. విలువ పెరిగేకొద్దీ ఇంకా చీకటి పడితేగానీ వెలగదు.

అపోహ: 9 వోల్ట్‌ల బ్యాటరీ అంటే బలమైన బ్యాటరీ.

వాస్తవం: దీపానికి బాగానే పనిచేస్తుంది. బొమ్మ మోటారుకు కొన్ని వందల మిల్లీయాంపియర్లు కావాలి, అంత కరెంటు ఇవ్వమంటే దాని వోల్టేజి కుంగిపోతుంది. 3 వోల్ట్‌ల మోటారుకు రెండు ఏఏ సెల్స్ పెట్టండి. గోడ ప్లగ్గు జోలికి మాత్రం ఏ ప్రాజెక్టుకీ వెళ్లొద్దు.

అపోహ: మేకుకు చుట్లు రెట్టింపు చేస్తే విద్యుదయస్కాంతం బలం రెట్టింపవుతుంది.

వాస్తవం: తీగలో కరెంటు మారకుంటేనే ఆ మాట. ఒకే సెల్‌తో చుట్లు పెంచితే తీగ పొడవు పెరిగి, నిరోధం పెరిగి, కరెంటు తగ్గుతుంది. కొంత దూరం పోయాక మేకు పట్టుకునే గుండుసూదుల సంఖ్య పెరగడం ఆగిపోతుంది. ప్రయోగం చెడిందనుకుని పిల్లలు అంకెలు దిద్దేస్తారు, పాపం. దిద్దాల్సింది అమరికను. 30 గేజి ఎనామిల్ (కరెంటు పారనివ్వని పూత) రాగి తీగ 4 మీటర్లు తీసుకోండి. 6 మి.మీ. మందం మేకుకు 50, 100, 150 చుట్లు చుడుతూ, మిగిలిన తీగను కత్తిరించకుండా మేకుకు దూరంగా వదులుగా పరచండి. తీగ అంతా సర్క్యూట్‌లోనే ఉంటుంది కాబట్టి కరెంటు మారదు. కొసల దగ్గర ఎనామిల్‌ను గరుకు కాగితంతో గీకితేనే కరెంటు పారుతుంది. 10 సెకన్లకు మించి కలిపి ఉంచితే తీగ వేడెక్కి సెల్ నీరసిస్తుంది. ఆ నీరసం లెక్కలో దూరకుండా ఒకసారి 50 నుంచి 150కి, మరోసారి 150 నుంచి 50కి చేసి సగటు తీయండి. మేకులో మిగిలిపోయే అయస్కాంతత్వం మరో చిక్కు, అందుకని ప్రతి కొలతకీ కొత్త మేకు వాడండి.

అపోహ: ఇదే ప్రాజెక్టును ఇన్‌స్పైర్ మానక్‌కు కూడా పంపేయొచ్చు.

వాస్తవం: కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడిపే ఆ పథకంలో ఎంపికైన విద్యార్థికి 10,000 రూపాయలు ఇస్తారు. అక్కడ అడిగేది సొంత ఆలోచన, జనానికి పనికొచ్చే పరిష్కారం. కాగితం వంతెన బడి మేళాకు సరిపోతుంది, అక్కడికి కాదు.

అపోహ: కూలిన వంతెనను బల్ల మీద పెడితే పరువు పోతుంది.

వాస్తవం: కూలినవే సాక్ష్యం. ఒక్కోదాని మీద మడత ఎత్తు, మోసిన బరువు రాసి వరుసగా పేర్చండి. కూలనివి కనీసం మూడు విడిగా చేసి తీసుకెళ్లండి, ప్రదర్శన చేసిన ప్రతిసారీ ఒకటి పోతుంది. బల్ల తుడవడానికి పాత తువ్వాలు కూడా సంచిలో పడేయండి.