గుడ్డే కదా, ఖర్చేముంది? చేతి బొమ్మలపై అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి కొలువుల రోజులొస్తే నా ఫోన్‌కి తీరిక ఉండదు. బొమ్మలు కొనేవాళ్లకంటే "మేమూ బొమ్మలు చేసి అమ్మడం మొదలుపెడదాం అనుకుంటున్నామండీ" అనేవాళ్లే ఎక్కువ. రిటైరైనవాళ్లు, పిల్లలు విదేశాలకు వెళ్లి ఇల్లు బోసిపోయినవాళ్లు. అందరిదీ ఒకటే లెక్క.

అపోహ: గుడ్డ ముక్కలు, దూదేగా! సరుకు ఖరీదుకి రెట్టింపు పెట్టి అమ్మితే చాలు.

వాస్తవం: మనవాళ్లని ముంచుతున్నది ఈ లెక్కే. అడుగు ఎత్తు పెళ్లికూతురు బొమ్మకి మల్లు గుడ్డ, ఫైబర్ దూది, ఊలు, జరీ అంచు, పూసలు కలిపి 200 రూపాయలనుకుందాం. రెట్టింపంటే 400. మరి పని? చేతివేళ్లే చూడండి. వేలికీ వేలికీ మధ్య కుట్టుదాకా కత్తెర గాటు పెట్టాలి. కాస్త ముందే ఆగితే తిరగేశాక ముడత, కాస్త దాటితే చిరుగు. సన్నటి గొట్టం దూర్చి ఒక్కో వేలూ తిరగేసి, పట్టకారుతో గోరంత గోరంత దూది కూరాలి. మెడలో గట్టిగా కూరకపోతే నెల తిరక్కుండా తల వాలిపోతుంది. జడ, కుచ్చిళ్లు, ముఖం అన్నీ కలిపి ఎనిమిది గంటలు. సరుకు పోగా మిగిలే 200ని పంచితే గంటకి 25 రూపాయలు!

గంటకి 100 అయినా వేసుకోండి. అప్పుడు మీ చేతికి 1000 రావాలి. షాపువాళ్లు 30 శాతం తీసుకునేట్టయితే అక్కడ ధర 1430కి తగ్గకూడదు.

"ముందు తక్కువకిచ్చి, పేరొచ్చాక పెంచుతాం" అంటారు. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ పెళ్లి జంటని 900కే ఇచ్చేది. ఓ షాపువాళ్లు ఒకేసారి ముప్ఫై జతలు అడిగారు. ఇంటిల్లిపాదీ సంబరం. సగం కుట్టేసరికి బొటనవేలు వాచింది. ధర పెంచుతానంటే వాళ్లు ససేమిరా అన్నారు. ఇప్పుడావిడ సూదే ముట్టడం లేదు. ఆవిడ దిద్దే ముఖాలు నావాటికంటే బాగుండేవి, నా కడుపుమంట అదే.

అంత ధర ఎవరు పెడతారని టెన్షన్ పడకండి. నెలకి పదిహేను బొమ్మలు చేయడమే గగనం. పదిహేను మంది దొరికితే చాలు, ఊరంతా కొనక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. బొమ్మ గీయడం రాకపోయినా ముఖం వస్తుంది, ట్రేసింగ్ చేయండి. తల ఎత్తుకి సరిగ్గా మధ్యలో కళ్లు, పసిపాపకైతే ఇంకాస్త కిందికి. ఖరీదైన మిషన్ అవసరం లేదు, కుట్టు చిన్నగా, ఒకటిన్నర మిల్లీమీటర్ ఉంటే పిగలదు.

ఇక ఐఎస్ఐ మార్కు లేకపోతే జైలేనన్న వాట్సాప్ పుకారు. 2021 జనవరి 1 నుంచి అమలైన ఆ నిబంధన 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్ముకునేవాటికి అందులోనూ మినహాయింపు ఉంది. నమోదు చేయించుకోండి, నిద్రపట్టని రాత్రులు తప్పుతాయి. కొలువు కోసం చేసిన బొమ్మైతే ఆ మాట ట్యాగు మీదా, బిల్లులోనూ రాయండి. పూసలు, పిన్నులు ఉన్నదాన్ని చంటిపిల్లల చేతికి ఇవ్వొద్దని మాత్రం కొనేవాళ్లకి నోటితో కూడా చెప్పండి.