వేసవిలో అమెరికా వేటకు వస్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలేయండి

టెక్సాస్ హిల్ కంట్రీలో ఒక రాంచ్‌లో వేట గైడ్‌గా పనిచేస్తాను. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులు కూడా చెబుతుంటాను. ఇక్కడ స్కూళ్లకు సెలవులిచ్చాక, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, మనవాళ్ల ఫోన్లు ఎక్కువవుతాయి. పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు, అన్నదమ్ముల ఇళ్లకు వచ్చినవాళ్లు, డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లు. "అన్నా, ఈ శని ఆదివారాల్లో ఒక జింకను కొట్టొచ్చా?" అని అడుగుతారు. ఆ ఉత్సాహం నాకు నచ్చుతుంది. కానీ వాళ్లు చూసిన వీడియోలన్నీ అమెరికన్ పౌరులు తమలాంటి పౌరుల కోసం చేసినవి. వీసా మీద వచ్చినవాళ్ల సంగతి వేరు. ఆ తేడా తెలియకపోతే తెలియకుండానే పెద్ద కేసులో ఇరుక్కుంటారు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

అపోహ: టెక్సాస్‌లో అడవిపందుల వేటకు లైసెన్స్ అక్కర్లేదు. కాబట్టి నాకూ అక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం పుట్టించే అపోహ ఇదే. ఎందుకంటే ఇందులో మొదటి వాక్యం నిజం. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందులను వేటాడటానికి హంటింగ్ లైసెన్స్ అవసరం లేదు. అది రాష్ట్ర చట్టం.

దాని పైన అమెరికా అంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని అది చెబుతుంది. బీ-2 (టూరిస్టు), ఎఫ్-1 (చదువు), హెచ్-1బీ (ఉద్యోగం), హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబం) అన్నీ ఈ కోవలోకే వస్తాయి. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనలాంటివాళ్లకు పనికొచ్చేది ముఖ్యంగా ఒక్కటి: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది ఉంటే తుపాకీ పట్టుకోవచ్చు. లేకపోతే పట్టుకోకూడదు. ఏ జంతువును వేటాడుతున్నారు, అసలు వేటాడుతున్నారా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీతో కాగితం మీద గురి చూసి కొట్టినా ఇదే రూలు. శిక్ష 15 ఏళ్ల జైలు దాకా పడొచ్చు. శిక్ష పడినా పడకపోయినా వీసా మాత్రం ప్రమాదంలో పడుతుంది.

అందువల్ల అడవిపంది వేటకు వచ్చినా నేను మొదట అడిగేది లైసెన్సే. ఫోటో కోసం ఒక్క నిమిషం పట్టుకుంటానన్నా, లైసెన్స్ లేనివాళ్ల చేతికి తుపాకీ ఇవ్వను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. అమెరికాలో ఉండనిచ్చిన గడువు దాటి ఉన్నవాళ్లకు మాత్రం ఏ లైసెన్సూ రక్ష కాదు.

గడువు విషయంలో ఇంకో మెలిక. వేరే చోటి నుంచి వచ్చినవాళ్లకు టెక్సాస్ అయిదు రోజుల ప్రత్యేక లైసెన్స్ ఇస్తుంది, 48 డాలర్లు. దుప్పి, కృష్ణజింక లాంటి, బయటి దేశాల నుంచి టెక్సాస్‌కు తెచ్చిన జంతువులకు అది సరిపోతుంది. ఇక్కడి వైట్‌టెయిల్ జింకకు పనికిరాదు, దానికి 315 డాలర్ల లైసెన్స్ కావాలి. అయిదు రోజుల లైసెన్స్ అయిదో రోజుతో అయిపోతుంది. ఆరో రోజు బావగారితో కలిసి రేంజ్‌కి వెళ్లి తుపాకీ పట్టుకుంటే అది నేరమే. ఏడాది లైసెన్స్ కూడా ఎప్పుడు కొన్నా ఆగస్టు 31 వరకే. ఆగస్టు చివరి వారం ట్రిప్ సెప్టెంబర్‌లోకి జరిగితే కొత్త లైసెన్స్ తీసుకోవాల్సిందే.

టెక్సాస్‌లో ఆరు నెలలకు పైగా నివాసం ఉంటున్న హెచ్-1బీ వాళ్లకు రెసిడెంట్ లైసెన్స్ వస్తుంది, 25 డాలర్లు. సెప్టెంబర్‌లో కొని పెట్టుకుంటే ఏడాదంతా నిశ్చింత.

అపోహ: టూరిస్టు వీసా మీద వేటాడటం చట్టవిరుద్ధం. వేటకు వేరే వీసా ఉంటుంది.

వేట కోసం ప్రత్యేక వీసా ఏదీ లేదు. బీ-2 మీద వచ్చి వేటాడొచ్చు, అది వినోదం కిందికే వస్తుంది. ఎయిర్‌పోర్టులో అధికారి అడిగితే దాచకుండా చెప్పండి. రాంచ్ బుకింగ్ కాగితం ఫోన్‌లో ఉంచుకోండి.

ఇంట్లోవాళ్లు ఊరికే చూడటానికి వస్తే వాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు, తుపాకీ ముట్టుకోనంత వరకు.

అపోహ: వేసవి సెలవుల్లో వస్తే ఏ జంతువునైనా వేటాడొచ్చు.

అమెరికాలో పెద్ద జంతువుల సీజన్లు ఎక్కువగా శరదృతువులో ఉంటాయి. టెక్సాస్‌లో వైట్‌టెయిల్ జింకకు రైఫిల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జాతి జింకకు విల్లు సీజన్ సెప్టెంబర్‌లో. పశ్చిమ రాష్ట్రాల్లో చాలా ట్యాగులకు, అంటే ఒక జంతువును కొట్టడానికి ఇచ్చే పర్మిట్లకు, లాటరీ ఉంటుంది, దరఖాస్తు గడువులు చలికాలంలోనో వసంతంలోనో ముగిసిపోతాయి. జూన్‌లో విమానం దిగి వ్యోమింగ్‌లో ఎల్క్ ట్యాగ్ కావాలంటే ఆలస్యమైనట్టే. అలాస్కాలో కారిబూ సీజన్ కొన్ని చోట్ల ఆగస్టులోనే తెరుస్తారు. కానీ అమెరికా పౌరులు కాకుండా, శాశ్వత నివాసం అమెరికా బయట ఉన్నవాళ్లు అక్కడ ఏ పెద్ద జంతువును వేటాడాలన్నా లైసెన్స్ ఉన్న గైడ్ తప్పనిసరి. ఖర్చు బాగా పెరుగుతుంది.

మరి వేసవిలో ఏముంది? దీనికి జవాబు మనవాళ్లను ఆశ్చర్యపరుస్తుంది. మన దుప్పి ఉంది.

చుక్కల దుప్పిని ఇక్కడ ఆక్సిస్ డీర్ అంటారు. 1932 ప్రాంతంలో టెక్సాస్‌కు తెచ్చారు. కృష్ణజింక కూడా ఆ కాలంలోనే వచ్చింది. మనుబోతును, అంటే నీల్‌గాయ్‌ను, దక్షిణ టెక్సాస్‌లోని కింగ్ రాంచ్‌లో 1920ల నుంచి వదిలారు. ఇప్పుడివి కంచెలు దాటి స్వేచ్ఛగా పెరుగుతున్నాయి. బయటి దేశాల జంతువులు కాబట్టి ప్రైవేటు భూమిలో రాష్ట్రం వీటికి మూసివేత సీజన్ పెట్టలేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. లైసెన్స్, యజమాని అనుమతి మాత్రం ఉండాలి.

వేసవి దుప్పికి ఇంకో ప్రత్యేకత. ఈ కాలంలో వైట్‌టెయిల్ కొమ్ములు ఇంకా మెత్తటి తోలుతో పెరుగుతూ ఉంటాయి. దుప్పి పోతులు ఎక్కువ భాగం మే నుంచి ఆగస్టు దాకా గట్టి కొమ్ములతో, ఎదలో ఉంటాయి. తెల్లవారుజామున వాటి అరుపు లోయంతా వినిపిస్తుంది. వేసవిలో టెక్సాస్ రావడానికి నా దృష్టిలో ఇదొక్కటే చాలు.

అపోహ: కృష్ణజింకను వేటాడటం ఎక్కడైనా నేరమే, పాపమే.

పాపం సంగతి ఎవరి మనసుకు వాళ్లు తేల్చుకోవాలి. నేను ఎవరినీ ఒప్పించే ప్రయత్నం చేయను. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. "దీన్ని నేను కొట్టలేను, పందినే చూపించండి" అన్నవాళ్లున్నారు. ఆ మాటను గౌరవిస్తాను.

చట్టం మాత్రం స్పష్టం. భారత్‌లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, అది సరైన పని. టెక్సాస్‌లో ఇవి స్థానిక జాతులు కావు. దుప్పి గడ్డి మేస్తుంది, గడ్డి అయిపోతే ఆకులు, రెమ్మల మీద పడుతుంది. స్థానిక జింకకు ఆ సౌలభ్యం లేదు. ఆకులు, రెమ్మలే దానికి ఆధారం. దుప్పి మందలు పెరిగిన చోట వైట్‌టెయిల్ చిక్కిపోతుంది. దక్షిణాన మనుబోతులు పశువుల జ్వరాన్ని మోసే పిడుదులను ఊరూరా తిప్పుతున్నాయి. అందుకే రాంచ్ యజమానులు సంఖ్య తగ్గించమని అడుగుతారు. మొదటిసారి వచ్చేవాళ్లకు నేను పెంటి దుప్పినే సూచిస్తాను. పోతుకు వేల డాలర్లు అడుగుతారు, పెంటికి అందులో కొద్ది భాగమే. మంద తగ్గాలంటే తగ్గాల్సింది కూడా పెంటులే.

అపోహ: లైసెన్స్ కొంటే చాలు, ట్రైనింగ్ అవసరం లేదు.

1971 సెప్టెంబర్ 2న లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లు టెక్సాస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పాసవ్వాలి. బయటి రాష్ట్రాలవాళ్లకూ విదేశీయులకూ ఇదే రూలు. 17 ఏళ్లు నిండితే ఆన్‌లైన్‌లో పూర్తి చేయొచ్చు. సమయం లేకపోతే 10 డాలర్లకు వాయిదా దొరుకుతుంది, అదీ జీవితంలో ఒక్కసారే. అప్పుడు కోర్సు పాసైన, లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లు మాట వినిపించేంత దగ్గర్లో ఉండాలి.

వాయిదా తీసుకోవచ్చు కదా అని కోర్సును తేలిగ్గా తీసుకోవద్దు. తుపాకీ గొట్టం ఎటు చూడాలి, వేలు ట్రిగ్గర్ మీదకు ఎప్పుడు వెళ్లాలి, జంతువు వెనక ఏముంది అన్న మూడు విషయాలు ఒంటికి పట్టేదాకా నేను ఎవరినీ మాటు దగ్గరికి తీసుకెళ్లను.

అపోహ: నా తుపాకీ తెచ్చుకుంటేనే గురి కుదురుతుంది.

ఇండియాలో లైసెన్స్ ఉన్న కొందరు ఇలా అడుగుతారు. తీసుకురావాలంటే ముందుగా అమెరికాలో తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ నుంచి "ఫారం 6 ఎన్ఐఏ" (నాన్-ఇమ్మిగ్రెంట్ల కోసం ఉన్న ఫారం) మీద అనుమతి కావాలి. ఆ దరఖాస్తుకు హంటింగ్ లైసెన్స్ కాపీ జత చేయాలి, అనుమతి రావడానికి వారాలు పడుతుంది. దారిలో విమానం మారే దేశాల నిబంధనలు వేరు. ఇంత టెన్షన్ ఎందుకు? దాదాపు ప్రతి రాంచ్‌లోనూ రైఫిల్ ఇస్తారు. వేటకు ముందు రోజు దానితో రేంజ్‌లో కాల్చి చూడండి, కర్రల స్టాండ్ మీద ఆనించి 100 గజాల దగ్గర సాధన చేయండి. దుప్పికి భుజం వెనకాల గురి. మనుబోతుకు గుండె ముందుకు, కిందికి ఉంటుంది, తోలు మందం. దానికి భుజం మీదే కొట్టాలి, బలమైన క్యాలిబర్ కావాలి.

విల్లుతో వేటాడేవాళ్లకు ఫెడరల్ తుపాకీ నిషేధం వర్తించదు, ఆ చట్టం తుపాకుల గురించే. దుప్పి వేటకు రాష్ట్ర లైసెన్స్ ఎలాగూ కావాలి.

అపోహ: టెక్సాస్ అంటే అంతా ఖాళీ నేల. రోడ్డు పక్కన కారు ఆపి కొట్టేయొచ్చు.

టెక్సాస్ భూమిలో 90 శాతానికి పైగా ప్రైవేటుదే. కంచె స్తంభం మీదో చెట్టు మీదో ఊదా రంగు గీత కనిపిస్తే అది "లోపలికి రావద్దు" అన్న బోర్డుతో సమానం. పబ్లిక్ రోడ్డు మీద నుంచి కాల్చడం నేరం. రాత పూర్వకంగా అనుమతి లేని చోట అడుగు పెట్టకండి.

అపోహ: డబ్బు కట్టాను, జంతువు దొరకకపోతే వాపసు వస్తుంది.

ఒప్పందం చదవండి. చాలాచోట్ల రోజు అద్దె వేరు, జంతువు ధర వేరు. అడ్వాన్స్ సాధారణంగా తిరిగి ఇవ్వరు. గాయపడి తప్పించుకున్న జంతువుకు పూర్తి ధర కట్టాలి. ఈ చివరి షరతును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, తొందరపడి కాల్చేవాళ్లను అదే ఆపుతుంది. గైడ్ టిప్, మాంసం కోయించే ఖర్చు అదనం. కంచె ఎనిమిది అడుగులదా, మామూలుదా, లోపల ఎన్ని ఎకరాలు అని ముందే అడగండి. చిన్న ఆవరణలో ఎటూ పోలేని జంతువును కొట్టిస్తామనే చోటికి వెళ్లొద్దు.

అపోహ: మనం ఎండలు చూసినవాళ్లం, టెక్సాస్ ఎండ ఏం చేస్తుంది?

జూలైలో ఇక్కడ 38 డిగ్రీలు మామూలే. మనిషి ఓర్చుకున్నా మాంసం ఓర్చుకోదు. కొట్టిన వెంటనే పేగులు తీసి, గంటా రెండు గంటల్లో ఐసులో పెట్టాలి. అందుకే వేట తెల్లవారుజామున, సాయంత్రం. మధ్యాహ్నం నీడలో ఉండండి. ర్యాటిల్ పాములు, పిడుదులు, చిగ్గర్లు అనే కంటికి ఆనని పురుగులు ఉంటాయి కాబట్టి పొడుగు బూట్లు, పూర్తి ప్యాంటు వేసుకోండి. దుప్పి మాంసంలో కొవ్వు చాలా తక్కువ. వేపుడు చేస్తే త్వరగా దించేయండి, కూరైతే సన్నటి సెగ మీద ఎక్కువసేపు ఉంచండి.

అపోహ: కొమ్ములు ఇంటికి తీసుకెళ్లి హాల్లో పెట్టుకుంటాను.

ఇండియాకు తీసుకెళ్లకండి. అడవి జంతువుల భాగాల దిగుమతి మీద అక్కడ నిషేధం ఉంది, కృష్ణజింక కొమ్ము ఇంట్లో దొరికితే అటవీ శాఖ కేసు పెడుతుంది. "టెక్సాస్‌లో కొట్టాను" అన్న మాట మిమ్మల్ని కాపాడదు. కొమ్ములు ఇక్కడి బంధువుల దగ్గర ఉంచండి. మాంసం కూడా ఇక్కడే పంచుకోండి.

తిరుగు ప్రయాణానికి ముందు వేటకు వాడిన ప్రతి బ్యాగూ, జాకెట్ జేబూ, ప్యాంటు జేబూ బోర్లించి దులపండి. ఒక్క తూటా మిగిలినా గల్ఫ్ ట్రాన్సిట్‌లోనో మన ఎయిర్‌పోర్టులోనో స్కానర్‌లో పడుతుంది, ఇండియాలో అది ఆయుధాల చట్టం కింద కేసు. జ్ఞాపకంగా ఖాళీ తొడుగు కూడా పెట్టుకోవద్దు. నా దగ్గరికి వచ్చినవాళ్ల బ్యాగులు రాంచ్ గేటు దాటేలోపు వాళ్లతోనే ఖాళీ చేయించి, ఇద్దరం కలిసి చూసి, మళ్లీ సర్దుతాం.