ఫొటో నుంచి పూసల బొమ్మ: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మగ్గం వర్క్ చేసేవాళ్ళకి కొదవ లేదు, నేనూ జాకెట్లకి షుగర్ బీడ్స్ కుట్టుకుంటా ఇందులోకి వచ్చినదాన్నే. ఇప్పుడు ఎక్కువగా ఫొటోని కంప్యూటర్లో గడుల ప్యాటర్న్‌గా మార్చుకుని దాన్ని చూసుకుంటా పూసలతో బొమ్మలు నేస్తా. ఇది జాకెట్లు కుట్టే మగ్గం కాదండీ, చిన్న చట్రానికి నిలువు దారాలు కట్టి ఒక్కో వరస పూసల్ని అడ్డంగా పేర్చే లూమ్. పెళ్ళి ఫొటోలు, పోయిన తాతల ఫొటోలు, పసిబిడ్డల ఫొటోలు తెస్తా ఉంటారు, తెచ్చినవాళ్ళలో చాలామంది అవే మాటలు అంటారు, అందుకే ఒకచోట రాసి పెడతన్నా.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో ఫొటో పెట్టి బటన్ నొక్కితే ప్యాటర్న్ వచ్చేస్తది, ఇంక మీరు చేసేదేముంది?

వాస్తవం: వస్తది, నిమిషం కూడా పట్టదు, కాకపోతే అది చిత్తుప్రతి. సాఫ్ట్‌వేర్ చేసేదల్లా ఫొటోని గడులుగా కోసి, ఒక్కో గడిలో మొత్తం మీద ఏ రంగుందో చూసి, తన పట్టికలో దానికి దగ్గరగా ఉన్న పూస నంబర్ రాయడం. ఏది కన్ను, ఏది చీర అంచు అనేది దానికి తెలీదు, రెండూ ఒకటే దానికి. కంట్లో ఉండే ఆ ఒక్క తెల్ల మెరుపు పూస పక్క గడిలోకి జరిగితే మనిషి చూపే మారిపోద్ది, దాన్ని వెనక్కి జరిపేది మనమే. నేను ఒక ముఖానికి రెండు మూడు రోజులు ఒక్కో గడి మార్చుకుంటా కూర్చుంటా, అందులో సగం టైం కళ్ళకే పోతది.

అపోహ: మాది మంచి కెమెరా ఫొటో, ఎంత మందున్నా క్లియర్‌గా వస్తది.

ఇక్కడ లెక్క చూడండి. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. నేను 100 అడ్డం, 100 నిలువు నేస్తే మొత్తం 10,000 పూసలు, అంటే 1,200 చుక్కలు కలిసి ఒక్క పూస అవతన్నాయి. మనిషి ముఖం వెడల్పు సుమారుగా ఐదు కళ్ళంత ఉంటదని బొమ్మలు గీసేవాళ్ళు చెప్తారు. ముఖం 50 పూసలుంటే కన్నుకి 10 పూసలు వస్తాయి, రెప్ప, నల్లగుడ్డు, మెరుపు అన్నీ పెట్టొచ్చు. అదే ఇంటిల్లిపాదీ నిలబడ్డ ఫొటో తెస్తే ఒక్కో ముఖం 10 పూసలు, కన్నుకి రెండు. రెండు పూసల్లో మీ నాన్న కళ్ళు నేనెట్ట తెచ్చేది? అందుకే ఒక్కరి ముఖం, పక్క నుంచి వెలుతురు పడ్డది ఇవ్వమంటా. ఫ్లాష్‌తో తీసినవాటిలో ముక్కు, బుగ్గ కలిసిపోయి ఒకే ముద్దలా వస్తాయి.

అపోహ: గడులు చదరంగా ఉన్నాయి గదా, స్క్రీన్ మీద ఉన్నట్టే వస్తది.

ఈ అపోహ నాదే. మొదటిసారి మా అవ్వ ఫొటో నేశా, 100 గడులు అడ్డం, 100 నిలువు. అయిపోయాక మా అమ్మ చూసి "ఇది అవ్వ ముఖం కాదు గదే, చిక్కిపోయినట్టుంది" అనింది. నిజమే, ముఖం పొడుగ్గా సాగిపోయింది. కారణం పూస ఆకారం. మేము వాడే మియుకి అనే జపాన్ కంపెనీ డెలికా రకం సైజు 11 పూస బొంగు ముక్కలా ఉంటది, రంధ్రం వెంబడి 1.3 మిల్లీమీటర్లు, లావు 1.6 మిల్లీమీటర్లు. లూమ్ మీద రంధ్రం అడ్డంగా పడుకుంటది కాబట్టి ఆ నూరు పూసలు అడ్డం 13 సెంటీమీటర్లు, నిలువు 16 సెంటీమీటర్లు వస్తాయి. పైగా పూసల మధ్య నిలువు దారం మందం కూడా కలిసి అడ్డం ఇంకొంచెం పెరుగుద్ది. బీడ్‌టూల్ లాంటి సాఫ్ట్‌వేర్లో పూస రకం, కుట్టు రకం ముందే ఎంచుకుంటే ఈ కొలత అదే సరిచేస్తది, మామూలు క్రాస్ స్టిచ్ ప్యాటర్న్ చేసే వెబ్‌సైట్లో గడి చదరంగానే ఉంటది. నేనిప్పుడు ఏ పనికైనా ముందు ఇరవై పూసల చిన్న ముక్క నేసి స్కేలు పెట్టి కొలిచాకే మిగతాది. అవ్వ బొమ్మ మొత్తం విప్పేశా, ఏడుపొచ్చింది, మళ్ళీ నేశా.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్తా, లూమ్ ప్యాటర్న్ తీసుకెళ్ళి పెయోట్ కుట్టుకి, అంటే లూమ్ లేకుండా సూదితో ఒక్కో పూసా కలుపుకుంటా పోయే పనికి, వాడలేం, పెయోట్‌లో పూసలు ఇటుకల్లాగా సగం సగం జరిగి ఉంటాయి, గీతలన్నీ చెదిరిపోతాయి.

అపోహ: రంగులు ఎన్ని ఎక్కువ పెడితే అంత జీవం వస్తది.

60 రంగులు పెట్టి చూడండి, అందులో పాతిక రంగులు ఒకటీ రెండు పూసలకే వాడతారు, ఆ ఒక్క పూస కోసం ఒక ట్యూబ్ నిండా పూసలు కొనాలి. ముఖానికి 8 నుంచి 12 రంగులు చాలు, వెలుగు నుంచి నీడ దాకా మెట్లు మెట్లుగా ఉండాలి, అంతే. అసలు తంటా మన ఒంటి రంగుతో వస్తది. చామనఛాయ ముఖం పెడితే సాఫ్ట్‌వేర్ గడ్డం కింద నీడకి బూడిద రంగో ఆకుపచ్చ కలిసిన రంగో తీసుకుంటది, నంబర్ల ప్రకారం దగ్గరే, చూస్తే జబ్బు మనిషి. నేను వాటిని తీసేసి ఇటుక రంగు, కాఫీ రంగు పెడతా. మా ఇంట్లో పూసలకి కోడ్ నంబర్లు చెప్పుకోం, బెల్లం, చింతపండు, పల్లీ పొట్టు, కందిపప్పు అని పేర్లు పెట్టుకున్నాం, మా చెల్లెలు చార్ట్ చూసి "బెల్లం మూడు, చింతపండు రెండు" అని చదవతా ఉంటే నేను సూదికి ఎక్కిస్తా.

డిథరింగ్ అని ఒక ఆప్షన్ ఉంటది. మధ్య రంగు లేనప్పుడు ఉన్న రెండు రంగుల్ని చుక్కలుగా చల్లి దూరం నుంచి మధ్య రంగులా కనపడేటట్టు చేస్తది, 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ ప్రచురించిన లెక్క ఇప్పటికీ బాగా వాడుకలో ఉంది. ఆకాశానికి, గోడకి పర్లేదు. బుగ్గ మీద పెడితే మాత్రం అమ్మవారు పోసిన మచ్చల్లా ఉంటది, ముఖానికి ఆపెయ్యండి.

స్క్రీన్ రంగుని నమ్మి పూసలు ఆర్డర్ పెట్టొద్దు. అద్దం లాంటి పూస లోపల దారం రంగుని బట్టి మారుద్ది, మెరుగు పూత ఉన్నది ట్యూబ్‌లైట్ కింద ఒకలాగా, కిటికీ పక్కన ఒకలాగా ఉంటది. వరసగా దారానికి ఎక్కించి పగటి వెలుతుర్లో చూడండి.

అపోహ: మన దగ్గర దొరికే పూసలతో చౌకగా చెయ్యొచ్చు గదా.

శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేట గాజు పూసలకి పేరున్న ఊరు, గాజుని గొట్టంలా సాగదీసి ముక్కలు చేసే ఎంతో పాత పద్ధతి వాళ్ళది, నాకు ఆ పూసలంటే ప్రాణం. దండలకి వాటి అందం వేరు. కాకపోతే చేత్తో చేసినవి ఒకటి సన్నం ఒకటి లావు ఉంటాయి, బొమ్మలో పదో వరసకే గడులు పక్కకి జరిగి ముక్కు వంకరపోద్ది. ముఖాలకి మాత్రం ఒకే కొలత పూసలు కావాల్సిందే. సైజు 11 డెలికా గ్రాముకి సుమారు 200 వస్తాయి, 10,000 పూసల బొమ్మకి 50 గ్రాములు, దుకాణంలో రేటు చూసి ఖర్చు మీరే లెక్కేసుకోండి.

కంప్యూటర్ వాడితే చేతిపని కాదంటారు కొందరు. వెంకటగిరి చీర బుటా కూడా గ్రాఫ్ కాగితం మీద గడులు నింపుకున్నాకే మగ్గం ఎక్కుద్ది, దాన్ని చేనేత కాదని ఎవరన్నా అన్నారా?

నెట్‌లో దొరికిన ఎవరి ఫొటో అయినా నేసి అమ్ముకోవచ్చు అనేది కూడా తప్పు, తీసినవాళ్ళకి హక్కులుంటాయి. మీరు డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటో అయితే, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కు మీదే.

ఒంగోలు వైపు నుంచి ఒకాయన గిత్త ఫొటో తెచ్చాడు, తెల్ల గిత్త, వెనక తెల్లటి ఆకాశం. సాఫ్ట్‌వేర్ మూపురాన్ని ఆకాశంలో కలిపేసింది. ఫొటోని ముందు గింప్ అనే ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్లో పెట్టి ఆకాశం ముదురు చేసి, ఒంగోలు గిత్తకి మెడ మీద, మూపురం మీద సహజంగా ఉండే బూడిద నీడని పెంచి, అప్పుడు ప్యాటర్న్ తీశా. నేసేటప్పుడు దగ్గర్నుంచి చూస్తే వట్టి మరకలే, ఆయన మధ్యలో వచ్చి చూసి దిగులు పడ్డాడు. లూమ్‌ని గోడకి ఆనించి "వాకిలి దాకా పోయి చూడండన్నా" అన్నా. పోయి చూసి అక్కడే నిలబడిపోయాడు. మీరూ పది వరసలకొకసారి అట్ట దూరం నుంచి చూసుకోండి, ఇల్లు ఇరుగ్గా ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి చిన్నది చేసి చూడండి, తప్పు పూస వెంటనే తెలిసిపోద్ది, అప్పుడైతే విప్పాల్సింది పది వరసలే.